కాళ్ళ గణుపులు లెక్కపెడితే వంశం తెలియదు

వానాకాలంలో పర్లాకిమిడి నుంచి మహేంద్రగిరి వైపు వెళ్ళేవాళ్ళు తడి బండల సందుల్లోనో, చెట్టు తొర్రల్లోనో ఒక గుంపుని చూసి ఆగిపోతుంటారు. చిన్న గుండ్రటి ఒళ్ళు, దానికి అసలు సరిపోలని పొడుగాటి సన్న కాళ్ళు, అలాంటివి పదుల కొద్దీ ఒకదాన్నొకటి పట్టుకుని ఉంటాయి, ఊదితే గుంపంతా ఒకేసారి పైకీ కిందకీ ఊగుతుంది. ఫోటో వాట్సాప్ గ్రూపులోకి వెళ్తుంది, "సాలెపురుగుల గుంపు" అని. కింద ఎవరో ఒకరు తప్పకుండా రాస్తారు, ప్రపంచంలో అన్నిటికన్నా విషం ఎక్కువున్న పురుగు ఇదేననీ, కోరలు పొట్టివి కాబట్టి మనిషి బతికిపోతున్నాడనీ.

రెండూ తప్పే. అది సాలెపురుగు కాదు, దానికి విషగ్రంథులే లేవు. ఇంగ్లీషులో హార్వెస్ట్‌మన్ అంటారు, శాస్త్రంలో ఓపిలియోనిస్ అనే క్రమం, ఇప్పటిదాకా పేరు పెట్టిన జాతులు 6,600 పైనే. ఇంట్లో గోడ మూలల్లో పల్చటి గూడులో తలకిందులుగా వేలాడే పొడుగు కాళ్ళది ఉంటుందే, అది వేరు. అది ఫోల్సిడే కుటుంబం, నిజమైన సాలెపురుగే.

సరే, సాలెపురుగు కాదు, మరి దేనికి చుట్టం, లోపల ఎన్ని శాఖలు, ఏది ఏ శాఖ? ఇక్కడే అసలు చిక్కు. గత వందేళ్ళలో ఈ ప్రశ్నలకి జవాబులు చాలాసార్లు మారాయి. మారిన ప్రతిసారీ బయటివాళ్ళు అనే మాట ఒకటే, "ఈ సైంటిస్టులు ఇవాళ ఒకటంటారు, రేపొకటంటారు". కొంచెం చదువుకున్నవాళ్ళు ఇంకో మాట అంటారు, డీఎన్‌ఏ వచ్చింది కాబట్టి పాత పద్ధతి చెత్తబుట్టలోకి పోయిందని. నాకైతే మొదటి మాటకన్నా ఈ రెండో మాటే ఎక్కువ తప్పనిపిస్తుంది. డీఎన్‌ఏ వచ్చి శరీరాన్ని కొట్టేయలేదు. శరీరంలో దేన్ని నమ్మొచ్చో, దేన్ని నమ్మకూడదో చెప్పింది. ఒక్కోసారి అది కూడా తప్పు చెప్పింది, ఆ సంగతి తర్వాత.

ముందు ఒళ్ళు చూద్దాం. సాలెపురుగుకి నడుము ఉంటుంది, ముందు భాగానికీ వెనక భాగానికీ మధ్య నొక్కినట్టు సన్నగా. హార్వెస్ట్‌మన్‌కి అది లేదు, రెండు భాగాలూ వెడల్పుగా కలిసిపోయి ఒకే ముద్దలా ఉంటాయి. దారం తీసే గ్రంథులు లేవు కాబట్టి గూడు కట్టే ప్రశ్నే రాదు. కళ్ళు ఎనిమిది కాదు, రెండే, చాలావాటిలో అవి వీపు ముందు భాగంలో ఉన్న చిన్న గుబ్బకి చెరో పక్కన. ఊపిరంతా వాయునాళాలతోనే. సాలెపురుగు తిండిని కరిగించి రసంగా పీలుస్తుంది, ఇది ముక్కలు కొరికి మింగగలదు. ఒంటికి రెండు పక్కలా ఉన్న గ్రంథుల నుంచి ఘాటు వాసన రసం వదిలి శత్రువుని తరుముతుంది. అది చాలకపోతే కాలు వదిలేసి పోతుంది, ఆ ఊడిన కాలు కాసేపు కొట్టుకుంటూనే ఉంటుంది, పోయిన కాలు మాత్రం మళ్ళీ మొలవదు. రెండో జత కాళ్ళు అన్నిటికన్నా పొడుగు, వాటి పని నడవడం కన్నా తడిమి చూడడం. ఇంకొకటి, మగవాటికి పురుషాంగం ఉంటుంది. సాలెపురుగుల్లో మగది వీర్యాన్ని నోటి పక్కనుండే పెడిపాల్ప్‌ల్లోకి ఎక్కించుకుని ఆడదానికి అందిస్తుంది, తేలు నేల మీద సంచిలా పెట్టి వదులుతుంది. హార్వెస్ట్‌మన్ నేరుగా కలుస్తుంది. ఈ ఆఖరి విషయం గుర్తుంచుకోండి, వర్గీకరణ కథంతా చివరికి దాని చుట్టూనే తిరుగుతుంది.

మరి సాలెపురుగుకి ఎంత దూరం? నోటి దగ్గరి నిర్మాణం చూసి, హార్వెస్ట్‌మన్ తేలుకి దగ్గర అని జెఫ్రీ షుల్ట్జ్ లాంటి శరీర నిర్మాణ నిపుణులు గట్టిగా వాదించారు, వాదన బలహీనమైనదేం కాదు. కానీ 2017లో ఒక ఇంటి సాలెపురుగు జీనోమ్, అంటే దాని డీఎన్‌ఏ మొత్తం, చదివినప్పుడు ఒక పెద్ద సంగతి బయటపడింది. సాలెపురుగులకీ తేళ్ళకీ ఉన్న ఉమ్మడి పూర్వీకుడిలో ఎప్పుడో మొత్తం జీనోమ్ రెట్టింపైంది, దాని ఆనవాళ్ళు ఇప్పటికీ రెండిట్లోనూ ఉన్నాయి. ఇలాంటి ఘటన రోజూ జరిగేది కాదు, వేర్వేరుగా రెండుసార్లు జరిగి ఒకేలాంటి గుర్తులు మిగలడం చాలా కష్టం. 2021లో ఫలాంజియం ఒపిలియో జీనోమ్ వచ్చింది. యూరప్‌లో ఎక్కడ పడితే అక్కడ దొరికే ఈ హార్వెస్ట్‌మన్‌కి లినేయస్ 1758లోనే పేరు పెట్టాడు. దీంట్లో ఆ రెట్టింపు గుర్తులు లేవు. అంటే సాలెపురుగుకి తేలు దగ్గరి చుట్టం, దానిలాగే కనిపించే హార్వెస్ట్‌మన్ దూరపు చుట్టం. కంటికి కనిపించేదానికి పూర్తిగా తిరగబడిన జవాబు.

ఇక లోపలి ఇల్లు. ఇప్పుడు బతికి ఉన్నవాటిని నాలుగు ఉపక్రమాలుగా చెబుతారు. సైఫోఫ్తాల్మీ, ఇవి కొద్ది మిల్లీమీటర్లే, ఆకుల చెత్తలో బతికే నల్లుల్లాంటి పొట్టివి, హార్వెస్ట్‌మన్ అంటే ఎవరూ నమ్మరు. యూప్నోయ్, మనకి గుంపులుగా కనిపించే పొడుగు కాళ్ళవి ఇందులోవే. డిస్ప్నోయ్, ఉత్తరార్ధగోళపు చల్లటి ప్రాంతాల్లో ఎక్కువ. నాలుగోది లానియటోరెస్, గట్టి పెంకు, ముళ్ళు, ముళ్ళున్న పెడిపాల్ప్‌లు, మొత్తం జాతుల్లో సగానికి పైగా ఇవే. లానియటోరెస్‌లో మన దేశానికి బాగా సంబంధించిన కుటుంబం అస్సామిడే, అస్సాం పేరు మీదే పెట్టారు.

ఈ నాలుగింటి లోపల కుటుంబాలు, వాటిలో ప్రజాతులు (దగ్గరి జాతుల గుంపులు) ఎలా విడదీశారన్నదే అసలు గొడవ. గొడవకి మూలం ఒక మనిషి, కార్ల్ ఫ్రెడరిక్ రోయెవర్ అనే జర్మన్. 1881లో పుట్టి 1963లో పోయాడు, ఆయన ఒక్కడే పేరు పెట్టిన జాతులు వెయ్యి దాటతాయి. అప్పటికి తెలిసిన ప్రపంచపు హార్వెస్ట్‌మన్లన్నిటినీ 1923లో ఒకే మహాగ్రంథంలో సర్దాడు. మన వైపు పురుగుకి పేరు వెతకాలన్నా ఇప్పటికీ ఎక్కడో ఒకచోట ఆయన తగులుతాడు. ఆయన పద్ధతి సూటిగా ఉంటుంది. పాదంలో గణుపులు ఎన్ని? వీపు పలక మీద గళ్ళు ఎన్ని? ఏ గడి మీద ముల్లు ఉంది, ఒకటా జతా? మన పొడుగు కాళ్ళవి వచ్చే గాగ్రెల్లినే అనే ఉపకుటుంబంలోనైతే వీపు మీద ముల్లు ఉందా లేదా, తొడ భాగంలో చిన్న కణుపులు ఎన్ని? అంకె మారిందా, కొత్త ప్రజాతి. అలా ఒక్కటంటే ఒక్క జాతి మాత్రమే ఉన్న ప్రజాతులు బోలెడు పుట్టుకొచ్చాయి.

ఆయన్ని తిట్టడం సులువు. కానీ వేల నమూనాలు, ఆల్కహాల్ సీసాలు, ఒక మైక్రోస్కోపు, ఒకే మనిషి, లెక్కపెట్టగలిగేవి లెక్కపెట్టాడు. సీసా తెరిచి పది నిమిషాల్లో పేరు చెప్పే వీలుండాలి కదా. పేరు వెతుక్కోవడానికి ఆ లెక్క బాగానే పనికొచ్చింది, అసలు చిక్కల్లా ఆ లెక్కనే వంశవృక్షంగా తీసుకోవడంతో వచ్చింది.

ఈ తేడా మా పర్లాకిమిడి వాళ్ళకి చెప్పడం తేలిక. ఇక్కడి సంతలో తెలుగు, ఒడియా, సవర మూడూ వినిపిస్తాయి, డబ్బుకీ తూకానికీ దుకాణపు సరుక్కీ సంబంధించిన మాటలు మూడిట్లోనూ చాలా మటుకు కలిసిపోతాయి. ఆ మాటలు మాత్రమే లెక్కపెట్టి ఎవరైనా భాషల పట్టిక వేస్తే మూడూ ఒకే కుటుంబమని తేలుతుంది. నిజానికి తెలుగు ద్రావిడ భాష, ఒడియా ఇండో ఆర్యన్, సవర ముండా భాష, మూడూ మూడు వేర్వేరు వంశాలు. ఇదే ఊళ్ళో బడిపంతులుగా ఉన్న గిడుగు రామమూర్తి గారు కొండలెక్కి సవర వ్యాకరణం దాకా వెళ్ళింది అందుకే, పై పైన దొరికే మాటలతో ఆ భాష అర్థం కాదు. కాళ్ళ గణుపులు, వీపు ముళ్ళు సంతలో మాటల్లాంటివి. ఉన్న చోటుని బట్టి, అవసరాన్ని బట్టి తేలిగ్గా వస్తాయి, తేలిగ్గా పోతాయి. గణుపుల సంఖ్య ఒకే జాతిలోనే మారుతుంది, కొన్నిసార్లు ఒకే పురుగు కుడి కాలికీ ఎడమ కాలికీ తేడా వస్తుంది. అలాంటిదాని మీద ప్రజాతి గోడ కడితే నిలుస్తుందా?

మరి వ్యాకరణం లాంటిది ఏది? డీఎన్‌ఏ రాకముందే కొందరు దాన్ని పట్టుకున్నారు. చెకోస్లొవేకియాకి చెందిన వ్లాదిమీర్ షిల్హావీ, జర్మనీకి చెందిన యోఖెన్ మార్టెన్స్ మగ జననాంగం వైపు చూశారు, 1976లో మార్టెన్స్ దాని ఆధారంగానే మొత్తం క్రమాన్ని బేరీజు వేశాడు. ఆ అంగం ఒంటి లోపల దాక్కుని ఉంటుంది, ఎండకీ వానకీ రాయి సందుకీ దానితో పనిలేదు, కాబట్టి చోటు మారితే మారిపోదు. లానియటోరెస్‌నే చూడండి. ఒక పెద్ద సమూహంలో ఆ అంగం లోపల కండరమే లేదు, శరీర ద్రవం ఒత్తిడితో విచ్చుకుంటుంది. మిగతావాటిలో కండరం లాగితే కదులుతుంది. బయటి ముళ్ళు ఎలా ఉన్నా ఈ తేడా చెక్కుచెదరదు, తర్వాత వచ్చిన డీఎన్‌ఏ కూడా ఆ కండరం లేని సమూహం, గ్రాసటోరెస్ అంటారు, నిజమైన ఒకే వంశమని ఒప్పుకుంది. జననాంగం ఎప్పుడూ నిజమే చెబుతుందని కాదు. ఆడవాటి ఎంపిక వల్ల అది కూడా చకచకా మారగలదు, జాతుల స్థాయిలో అదే పనికొస్తుంది, పై స్థాయిలో అదే తికమక పెడుతుంది.

డీఎన్‌ఏ వచ్చాక ఏమైంది? గాగ్రెల్లినే ఉన్న కుటుంబం స్క్లెరోసొమాటిడే మీద 2012లో మార్షల్ హెడిన్, నొబువో సురుసాకి మరికొందరు కలిసి చేసిన పని నాకు చాలా ఇష్టం. ప్రజాతి పేరు చెబితే చుట్టరికం తెలుస్తుందా, దొరికిన చోటు చెబితే తెలుస్తుందా అని చూస్తే, చోటే గెలిచింది. ఒకే పేరు తగిలించిన వేర్వేరు ప్రాంతాల పురుగులు ఒకదానికొకటి దూరం, వేర్వేరు పేర్లున్న ఒకే ప్రాంతపు పురుగులు దగ్గర. అంటే ముల్లు, కణుపు చూసి పెట్టిన పేర్ల కన్నా సీసా మీది చీటీలో ఊరి పేరు ఎక్కువ నిజం చెప్పింది. పక్కపక్క కొండల్లో బతికే ఒకే వంశంలో ముళ్ళు రకరకాలుగా మారాయి, సముద్రాల అవతల ఇంకో వంశంలో అవే ముళ్ళు మళ్ళీ వచ్చాయి.

గుహల్లో ఇది ఇంకా ఖచ్చితంగా కనిపిస్తుంది. చీకట్లో తరతరాలు బతికితే రంగు వెలిసిపోతుంది, కాళ్ళు సాగుతాయి, కళ్ళు క్షీణిస్తాయి. పశ్చిమ ఉత్తర అమెరికా కొండల గుహల్లోని హార్వెస్ట్‌మన్ల మీద 2010లో డెర్కరబేటియన్ బృందం చేసిన పనిలో ఈ మార్పు వేర్వేరు గుహల్లో వేర్వేరుగా, మళ్ళీ మళ్ళీ జరిగిందని తేలింది. రెండు తెల్లటి పొడుగు కాళ్ళ పురుగులు పక్కపక్కన పెడితే అన్నదమ్ముల్లా ఉంటాయి, ఒక్కోదానికి అసలు అన్నదమ్ములు మాత్రం పైన వెలుగులో బతికే గోధుమరంగువి. కొరాపుట్ గుప్తేశ్వర్ గుహలాంటి చోట ఎవరైనా ఇలాంటిది చూసి "కొత్త ప్రజాతి" అని గెంతబోయే ముందు ఈ పేపర్ చదవాలి.

ఇంతవరకూ వింటే డీఎన్‌ఏ న్యాయమూర్తి, శరీరం ముద్దాయి అనిపిస్తుంది. ఇప్పుడు ఇందాక దాటేసిన సంగతి. పాతకాలంలో యూప్నోయ్, డిస్ప్నోయ్ రెండిట్నీ కలిపి పాల్పటోరెస్ అని ఒకే గుంపుగా చెప్పేవాళ్ళు, చూపుకి రెండూ దగ్గరగానే ఉంటాయి కాబట్టి. 1999లో గొంజాలో గిరిబెట్, మరియా రాంబ్లా మొదలైనవాళ్ళు రెండు రైబోసోమ్ జన్యువుల వరసనీ శరీర లక్షణాలనీ కలిపి లెక్కేస్తే ఆ గుంపు విడిపోయింది, డిస్ప్నోయ్ వెళ్ళి లానియటోరెస్ పక్కన కూర్చుంది. పాత గుంపు పేరు కొట్టేయండి అన్నారు. 2012లో హెడిన్ బృందం, 2017లో రోసా ఫెర్నాండెజ్, గిరిబెట్ బృందం రెండు జన్యువుల బదులు వందల జన్యువులు తీసుకుని చూశారు. పాల్పటోరెస్ మళ్ళీ లేచి కూర్చుంది. పాతవాళ్ళు కంటితో చూసి చెప్పిందే నిజమైంది.

ఎందుకిలా? ఈ శాఖలు విడిపోయింది ముప్పై కోట్ల ఏళ్ళ కన్నా ముందు, ఒకదాని వెంట ఒకటి తక్కువ వ్యవధిలో. ఆ కాస్త వ్యవధిలో ఒక్కో జన్యువులో పడిన గుర్తులు కొన్నే. తర్వాత కోట్ల ఏళ్ళలో అదే జన్యువులో అదే స్థానం మళ్ళీ మళ్ళీ మారి ఆ కొన్ని గుర్తుల మీద కూడా మట్టి పడుతుంది. అప్పుడు రెండు జన్యువులు చెప్పే సాక్ష్యం నాణెం ఎగరేసినట్టే ఉంటుంది, వందల జన్యువులు కలిపితే గానీ అసలు గుర్తు పైకి తేలదు. డీఎన్‌ఏ అంటే ఒకే సాక్షి కాదని, సాక్షుల గుంపని, అందులో అబద్ధం చెప్పేవాళ్ళు కూడా ఉంటారని ఇక్కడే అర్థమవుతుంది.

దీనికి పూర్తిగా వేరే రకం చిక్కు న్యూజిలాండ్‌లో వచ్చింది. అవోరాకి డెంటిక్యులాటా అనే సైఫోఫ్తాల్మీ పురుగు, ఆకుల చెత్తలోంచి బయటికి రాదు, ఒక లోయ దాటి ఇంకో లోయకి పోవడమే గగనం. సారా బోయర్ బృందం 2007లో వేర్వేరు చోట్ల నుంచి తెచ్చి చూస్తే డీఎన్‌ఏ తేడాలు మామూలుగా వేర్వేరు జాతుల మధ్య కనిపించేంత, ఇంకా ఎక్కువ కూడా. రూపంలో తేడా మాత్రం దొరకలేదు. తేడా ఇంత శాతం దాటితే కొత్త జాతి అని గీత గీస్తే లోయకో జాతి ప్రకటించాలి. వాళ్ళు అలా చేయలేదు. కదలని జంతువులో డీఎన్‌ఏ తేడా పేరుకుపోవడం సహజం, అది జాతి విడిపోవడమే కానక్కరలేదు. రోయెవర్ గణుపులు లెక్కపెట్టినట్టు మనం డీఎన్‌ఏ అక్షరాలు లెక్కపెడితే అదే పొరపాటు ఖరీదైన మెషీన్‌తో చేసినట్టవుతుంది.

ఇప్పుడు అన్నిటికన్నా మంచి భాగం, కళ్ళు. హార్వెస్ట్‌మన్‌కి రెండే కళ్ళని పైన రాశాను. తూర్పు ఫ్రాన్స్‌లో దొరికిన 30.5 కోట్ల ఏళ్ళ నాటి ఒక శిలాజాన్ని రాయి పగలగొట్టకుండా ఎక్స్‌రే స్కాన్‌తో చూసినప్పుడు దానికి మధ్యలో ఒక జత, పక్కల ఒక జత, మొత్తం నాలుగు కళ్ళు ఉన్నాయి. హస్టోక్యులారిస్ ఆర్గస్ అని పేరు పెట్టి 2014లో ప్రకటించారు, దాని కోసం టెట్రోఫ్తాల్మీ అనే ఐదో ఉపక్రమమే తెరవాల్సి వచ్చింది. బతికి ఉన్నవాటిలో పక్క కళ్ళు ఏమైపోయినట్టు? 2024లో గిల్హెర్మే గైనెట్, ప్రశాంత్ శర్మ బృందం ఫలాంజియం పిండాల్లో కళ్ళు తయారుచేసే జన్యువులు ఎక్కడెక్కడ పనిచేస్తున్నాయో చూస్తే, బయటికి కనిపించే జత కాకుండా ఇంకో రెండు జతల కళ్ళ అవశేషాలు దొరికాయి. పెద్ద పురుగుని ఎంత మైక్రోస్కోపు కింద పెట్టినా రెండు కళ్ళే అంటాం. జన్యువు చూపించిన చోట వెతికాక గానీ శరీరంలో ఆ మిగతావి బయటపడలేదు. దాంతో శిలాజాన్ని వంశవృక్షంలో ఏ కొమ్మ మీద పెట్టాలన్న లెక్క మళ్ళీ మారింది, కొమ్మ మారితే శాఖలు విడిపోయిన కాలాల లెక్క కూడా మారుతుంది. రాయి, పిండం, జన్యువు మూడూ ఒకే బల్ల మీదకొచ్చిన పని ఇది.

స్కాట్లాండ్ రైనీ రాళ్ళలో ఇంకా పాతది ఉంది, దాదాపు 41 కోట్ల ఏళ్ళది, ఇయోఫలాంజియం. దాంట్లో మగదాని అంగం, ఆడదాని గుడ్లు పెట్టే నాళం కూడా రాయిలో నిలిచిపోయాయి. మార్టెన్స్ నమ్ముకున్న అవయవం అంత పాతదన్నమాట.

మళ్ళీ మా కొండల దగ్గరికి వస్తే, ఇక్కడ చీటీ గొడవ వేరే ఉంది. చుట్టరికానికి పేరు కన్నా చోటు ముఖ్యమని తేలింది కదా, ఆ చోటు రాసిన చీటీలు ఎలా ఉంటాయో ఆలోచించండి. 1936 ఏప్రిల్ 1న ఒడిశా రాష్ట్రం ఏర్పడే దాకా పర్లాకిమిడి, మహేంద్రగిరి మద్రాసు ప్రెసిడెన్సీ గంజాం జిల్లాలో ఉండేవి, ఇప్పుడు గజపతి జిల్లా. 1501 మీటర్ల మహేంద్రగిరికి అవతల వాలు దిగితే శ్రీకాకుళం జిల్లా. పాత చీటీ మీద "గంజాం, మద్రాసు" అని మాత్రమే ఉంటే అది సముద్రపు ఒడ్డా, కొండ కొమ్మా, ఏ వాలు? ఒక లోయ దాటితే డీఎన్‌ఏ మారిపోయే జంతువు విషయంలో అంత పెద్ద జిల్లా పేరు చెప్పడం ఏమీ చెప్పనట్టే. పైగా మ్యూజియంలో పాత నమూనాలు పలచటి ఆల్కహాల్‌లో ఉంచినవి, డీఎన్‌ఏ ముక్కలు ముక్కలైపోయి ఉంటుంది. ఇప్పుడు ఆ చిన్న ముక్కల్ని కూడా ఏరి చదివే పద్ధతులు వచ్చాయి, దశాబ్దాల నాటి సీసాల నుంచి కూడా వందల జన్యు భాగాలు రాబడుతున్నారు. అది రోయెవర్ పేరు పెట్టిన అసలు నమూనాల మీద పూర్తిగా పనిచేస్తే ఏ పేరు నిలబడుతుందో ఏది పోతుందో తేల్చొచ్చు. ఆయన సేకరణ ఫ్రాంక్‌ఫర్ట్ సెంకెన్‌బర్గ్ మ్యూజియంలో ఉంది. ఇక్కడి కొండ పురుగు పేరు తేలాలంటే అక్కడి సీసా తెరవాల్సిందే, ఇది కొంచెం చిరాకే.

ఫోటో పంపి "ఇదేం జాతి" అని అడిగేవాళ్ళకి ఒక మాట. ఫోటోతో చాలాసార్లు కుటుంబం దాకా, అదృష్టం బాగుంటే ప్రజాతి దాకా చెప్పగలరు, అంతకు మించి ఎవరైనా ఠక్కున జాతి పేరు చెప్పేస్తే అనుమానించండి. జాతి తేల్చాలంటే పెద్ద మగది కావాలి, దాని జననాంగం మైక్రోస్కోపు కింద చూడాలి, ఒక కాలు గాఢమైన ఆల్కహాల్‌లో డీఎన్‌ఏ కోసం విడిగా దాచాలి, జీపీఎస్ అంకెలు, ఎత్తు, తేదీ, ఏ వాలు, రాయి కిందా ఆకుల చెత్తలోనా అన్నీ చీటీ మీద ఉండాలి. అటవీ ప్రాంతంలో అయితే అటవీ శాఖ అనుమతి లేకుండా ఒక్క పురుగుని కూడా తీయకూడదు. ఫోటో మాత్రం తీయండి, ఆ ఫోటోకి చోటు సరిగ్గా రాయండి, "ఒడిశా బోర్డర్" అని కాదు, ఊరి పేరు, వీలైతే గెడ్డ (వాగు) పేరు.